డిజైన్ హెడ్ అన్నారు, రోజంతా స్క్రీన్లే గీయిస్తున్నారు. ఏం చేయాలి?

ప్రశ్న

అందరికీ నమస్కారం. విజయవాడలో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఏడేళ్లుగా డిజైనర్‌ని. గుంటూరు చుట్టుపక్కల కోల్డ్ స్టోరేజీల్లో మిర్చి ఎంత లోపలికొచ్చింది, ఎంత బయటికెళ్లింది రాసుకునే యాప్ మాది. సంక్రాంతికి నన్ను ‘డిజైన్ హెడ్’ చేశారు. పనేమీ మారలేదు, తిట్లు మాత్రం పెరిగాయి. సేల్స్ వాళ్లు స్టోరేజీ ఓనరుకి ఒకటి ఒప్పుకొని వస్తారు, డెవలపర్లకు ఇంకోటి చెప్తారు. ఎండీ గారు రాత్రి పదకొండుకి వాట్సాప్‌లో మూడోది పెడతారు. పొద్దున్నే ఆ మూడింటికీ నేను స్క్రీన్లు గీయాలి.

ఈ సీజన్‌కి పాత రిజిస్టర్లు తీసేయించి అంతా యాప్‌లోకి మార్చాం. మార్చి దాటేలోపే నాలుగుచోట్ల గుమస్తాలు మళ్లీ పుస్తకం తీశారు. ‘యాప్ కష్టంగా ఉందట, సులువు చెయ్యి’ అంటున్నారు ఎండీ గారు. ఇంకెంత సులువు చేయను?

సమాధానం

అమ్మా, గుమస్తాలు పుస్తకం ఎందుకు తీశారో మీరు రాయలేదు. బహుశా మీ ఆఫీసులో ఎవరికీ తెలిసి ఉండదు. మీ కొత్త ఉద్యోగం అక్కడే మొదలవుతుంది.

మా నాన్నగారు గుంటూరులో కోల్డ్ స్టోరేజీ గుమస్తా. నేను చాలాకాలం డిజైన్ టీములు నడిపాను. సరుకు ఇంకా వస్తోంది కాబట్టి రాత్రి తొమ్మిదికి ఏదో ఒక గేటు దగ్గర నిలబడండి. ట్రాక్టర్లు బారులు తీరి ఉంటాయి. ముఠా మేస్త్రి టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, లెక్కపెడుతూ అరుస్తుంటాడు. గుమస్తాకి ఒక చేతిలో టార్చి, ఇంకో చేతిలో పెన్ను, ముక్కులో కారం ఘాటు. ఆ టైములో ఒక గడి నింపలేదని ఎర్రగా మొరాయించే ఫోన్ని ఎవరు ముట్టుకుంటారు? మిర్చి ఏ రకం, తేజానా, 334నా, ఎన్ని టిక్కీలు, ఎవరివి అన్నదే ఆయనకి ముఖ్యం. మిగతాది తెల్లారి రాసుకుంటాడు.

ఇంకో సంగతి. సంస్థలో ఎవరెవరు మాట్లాడుకుంటారో, ఆ సంస్థ తయారుచేసే వ్యవస్థ కూడా అదే ఆకారంలో వస్తుందని మెల్విన్ కాన్వే అనే అమెరికన్ కంప్యూటర్ శాస్త్రవేత్త 1968లోనే రాశాడు. మీ సేల్స్ వాళ్లు ఓనరుకి ఒకటి, డెవలపర్లకి ఇంకోటి చెప్తారంటున్నారు. యాప్‌లో గేటు ఎంట్రీ ఒక లోకం, బాండు (సరుకు దాచినట్టు రైతుకిచ్చే రసీదు) ఇంకో లోకం అయి ఉంటాయి. చూసుకోండి.

ఇక పని. ఆఫీసు గోడ మీద ఒక్క రైతు సరుకు దారి మొత్తం కాగితాలతో అంటించండి: ట్రాక్టరు, కాటా, ఛాంబరు, బాండు, బ్యాంకు అప్పు, మచ్చు తీయడం, డెలివరీ. సేల్స్, డెవలపర్లు, ఎండీ గారు, ఒక గుమస్తా గోడ ముందు నిలబడాలి. గుమస్తాకి దారి ఖర్చులు, ఆ రోజు కూలీ ఇవ్వండి. ముందు ఆయనే మాట్లాడాలి. ‘ఏ స్క్రీన్ కావాలి’ అని అడక్కండి, ‘ఎక్కడికొచ్చేసరికి పుస్తకం తీశావు’ అని అడగండి. 1958లో అమెరికన్ డిజైనర్లు చార్లెస్, రే ఈమ్స్ దంపతులు మన ప్రభుత్వానికి ఇచ్చిన నివేదికలో చెంబు గురించి ఇలాగే ఆరా తీశారు: చంకనా నెత్తినా ఎక్కడ మోస్తారు, నిండుగా ఉంటే బరువెటు, ఖాళీగా ఉంటే ఎటు, నీళ్లెలా వంచుతారు అని. అహ్మదాబాద్‌లో జాతీయ డిజైన్ సంస్థ ఎన్‌ఐడీ 1961లో వచ్చింది ఆ నివేదిక పుణ్యమే.

మార్పు ఒక్క స్టోరేజీలో, ఒక్క గేటులో, పది రోజులు చేసి చూడండి. పుస్తకం పక్కనే ఉంచండి. అది లాక్కోవడమే మీరు చేసిన తప్పని నా ఉద్దేశం.

అడిగినవారు

మీరన్నది నిజమేనండీ. లాట్ నంబరు గేటు దగ్గర ఒకసారి, బాండుకి ఇంకోసారి కొట్టాలి. రెండూ వేర్వేరు టీములు చేశాయి. ఇన్నాళ్లూ నాకే తట్టలేదు.

ఇంకో సభ్యుడు

నేను యజమానుల వైపు మనిషిని, కాస్త చేదుగా చెప్తా. కాగితాలు అంటించినంత మాత్రాన మీ మాట చెల్లదు. పుస్తకానికీ యాప్‌కీ లెక్క కుదరక ఈ సీజన్లో ఎన్ని డెలివరీలు ఆగాయి, వాటివల్ల మీకు ఎంత బిల్లు నిలిచిపోయింది, అది పట్టుకెళ్లండి. డిజైన్ అంటే చెవిన పెట్టని ఎండీలు కూడా నిలిచిపోయిన బిల్లు అంటే కుర్చీ లాక్కుని కూర్చుంటారు. అప్పుడు ఒకే ఒక్కటి అడగండి: మీరూ డెవలపర్లూ వినకుండా సేల్స్ ఎవరికీ మాట ఇవ్వకూడదని.

మరో మాట. మేలో గుంటూరు మిర్చి యార్డుకి వేసవి సెలవులు ఇస్తారు. గుమస్తాలకి తీరిక దొరికేది అప్పుడే. ఇప్పుడు పిలిస్తే రారు, వచ్చినా మనసు గేటు దగ్గరే ఉంటుంది.

అడిగినవారు (నెల తర్వాత)

గోడ మీద కాగితాలు అంటించాం. బిల్లు లెక్క చూశాకే ఎండీ గారు వచ్చారు. గుమస్తా గారు పెన్సిల్ తీసుకుని గేటు స్క్రీన్లో పదకొండు గడులకి ఏడు కొట్టేశారు. మొదట కొట్టేసింది ఆధార్ గడి. ‘ఇది ఎవరు పెట్టమన్నారసలు?’ అని ఎండీ గారు గట్టిగా అడిగారు. ఎవరూ నోరెత్తలేదు. డెవలపర్ అబ్బాయి ఫోన్ తీసి డిసెంబరు నాటి మెసేజ్ చూపించాడు. రాత్రి 11:20కి పెట్టిందే.

రాత్రి మెసేజ్‌లు ఇంకా వస్తూనే ఉన్నాయి. కాకపోతే ఇప్పుడు ‘పొద్దున గోడ మీద అంటించమ్మా, చూద్దాం’ అని చివర చేరుస్తున్నారు.