కాంట్రాక్టు కార్మికులు పర్మినెంటోళ్ల యూనియన్ల ఉండాల్నా, సొంత సంఘం పెట్టుకోవాల్నా?

నల్లనేల, భూపాలపల్లి:
సింగరేణి బొగ్గు బాయిల మీద మళ్లా ఇదే పంచాయితీ. సివిల్, శానిటేషన్, ఓబీ (బొగ్గు మీది మట్టి తీసుడు), బెల్ట్ క్లీనింగ్ పనుల్లో ఉన్నోళ్లు పెద్ద యూనియన్ రసీదు తీసుకోవాల్నా, విడిగా రిజిస్టర్ కావాల్నా? నా మాట సొంత సంఘమే. 2023 డిసెంబర్ 27న సింగరేణి 11 ఏరియాల్లో గుర్తింపు ఎన్నిక జరిగింది. ఏఐటీయూసీ గుర్తింపు సంఘమైంది (కంపెనీ మొత్తం మీద మాట్లాడేది), ఆరు ఏరియాల్లో ఐఎన్‌టీయూసీ ప్రాతినిధ్య సంఘమైంది (ఆ ఏరియా వరకు మాట్లాడేది). ఆ ఓటర్ల జాబితాలో కాంట్రాక్టు కార్మికుడి పేరు ఒక్కటి లేదు. ఓటు లేనోడి బాధ స్ట్రక్చర్ మీటింగ్‌ల (మేనేజ్‌మెంట్, యూనియన్ కూసుండి మాట్లాడేకాడ) ఎప్పుడూ ఆఖరి అంశమే. టైం అయిపోయిందని దాన్నే వాయిదా వేస్తరు.

రెండో షిఫ్ట్, గోదావరిఖని:
ఓటు లేదన్నది నిజమే అన్నా. కానీ దెబ్బ యాడ తగుల్తదో చూడున్రి. రిజిస్ట్రేషన్‌కు కనీసం ఏడుగురు సంతకం పెట్టాలె. ఆ ఏడుగురి పేర్లు కాంట్రాక్టరుకు తెలిసిపోతయి. ఉన్నపళంగా తీసేయడు. టెండర్ మారేదాకా ఆగి, కొత్త గేట్‌పాస్‌ల జాబితాలో ఆ పేర్లు రాయడు, అంతే. తీసేసిన ఆర్డర్ ఉండదు, చూపెట్టే కాయితం ఉండదు. అదే పర్మినెంట్ కార్మికుడైన పిట్ సెక్రటరీ (బాయి కాడి యూనియన్ నాయకుడు) అడిగితే కాంట్రాక్టరు ఆయన్ని ఏం చేయలేడు. మస్టర్ (హాజరు) పడలేదంటే అదే రోజు మేనేజర్ ముంగట నిలబడి అడుగుతడు. ఈ రక్షణ చిన్న సంఘం ఇయ్యలేదు.

నల్లనేల, భూపాలపల్లి:
దానికి తొవ్వ చట్టంలనే ఉన్నది తమ్మీ. ఆఫీస్ బేరర్లల్ల మూడో వంతు గానీ, ఐదుగురు గానీ, ఏది తక్కువైతే అంతమంది బయటోళ్లు ఉండొచ్చు. రిటైరైనోళ్లను, రిట్రెంచ్ అయినోళ్లను (పని తగ్గిందని తీసేసినోళ్లను) బయటోళ్ల కింద లెక్కనే కట్టరు. దిగిపోయిన బాయి కార్మికుణ్ని అధ్యక్షునిగా పెట్టుకుంటే ఎవని గేట్‌పాస్ ఆపుతరు?

లెక్కల పుస్తకం, మందమర్రి:
ఇద్దరూ జెండా గురించే మాట్లాడుతున్నరు. కేసులు వీగిపోయేది కాయితాల కాడ.

పెద్ద యూనియన్ల చేరేటోళ్లు ముందుగాల దాని నియమావళిల సభ్యత్వం క్లాజు చదవాలె. "కంపెనీ ఉద్యోగులు" అని మాత్రమే ఉంటే, చందా కట్టి రసీదు తీసుకున్నా రేపు వివాదంల మేనేజ్‌మెంట్ వకీలు మొదట లేపే అభ్యంతరం అదే: ఈయన మీ సభ్యుడెట్లయితడు అని. "కాంట్రాక్టు కార్మికులతో సహా" అన్న మాట లేకపోతే జనరల్ బాడీల సవరణ చేయించి, దాన్ని రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయించాలె. తీర్మానం చేసి ఊకుంటే చెల్లదు.

సొంత సంఘమైతే, దరఖాస్తు రోజుకు ఆ సంస్థల పనిచేసేటోళ్లల్ల 10 శాతం గానీ 100 మంది గానీ, ఏది తక్కువైతే అంత సభ్యత్వం చూపాలె. ఏడుగురికి తగ్గొద్దు. అంటే 300 మంది ఉన్నకాడ 30 మంది. ఇక్కడ జరిగే తప్పేందంటే, సంస్థ పేరు కాడ కాంట్రాక్టరు ఫర్మ్ పేరు రాస్తరు. రెండేండ్లకు ఆ ఫర్మ్ పోతది, సంఘం గాలిల ఉంటది. ఏరియా పేరు, పని పేరు రాయాలె.

ఇగ అసలు సంగతి, ఫిర్యాదు. బొగ్గు గనులకు కేంద్ర లేబర్ శాఖ అధికారి ఉంటడు. రాష్ట్ర లేబర్ ఆఫీసుల ఇస్తే మా పరిధి కాదని తిప్పి పంపుతరు, నెలలు పోతయి. ఫిర్యాదుల కాంట్రాక్టరునొక్కణ్నే ప్రతివాదిగ పెట్టొద్దు, ప్రధాన యజమానిని (సింగరేణిని) కలపాలె. కాంట్రాక్టరు జీతం ఎగ్గొడితే ప్రధాన యజమాని కట్టి, తర్వాత ఆయన బిల్లుల్నుంచి వసూలు చేసుకోవాలని 1970 కాంట్రాక్టు లేబర్ చట్టంల ఉండె. 2025 నవంబర్ 21 నుంచి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌ల కూడ ఆ బాధ్యత అట్లనే ఉన్నది. వర్క్ ఆర్డర్ నంబర్, దాని గడువు రాయకపోతే ఏ టెండర్ కింద బాకీనో తేల్చలేరు. బిల్లులు క్లియరై డిపాజిట్ వాపస్ పోకముందే ఫిర్యాదు చేరాలె. పోయినంక కాంట్రాక్టరు నుంచి రాబట్టుడు కష్టమని ఆఫీసు కూడ జాప్యం చేస్తది.

సమ్మె మాట కూడ చెప్త. 14 రోజుల నోటీసు ఇయ్యకుంట పదిమంది కలిసి డ్యూటీ మానేస్తే, నియామక షరతుల్లో ఉన్నచోట 8 రోజుల జీతం దాకా కోయొచ్చు. ఆవేశంతోని ఒక్క పూట గేటు ముందర కూసున్నా ఇదే వర్తిస్తది.

శ్రీరాంపూర్ అక్క:
పెద్ద యూనియన్ల మా ఊడ్చే ఆడోళ్ల దగ్గర చందా తీసుకుంటున్రు, రసీదు మాత్రం పదిమందికి ఒక్కటి రాస్తున్రు. అట్లయితే సభ్యత్వ రిజిస్టర్ల ఒక్క పేరే ఎక్కుతది, తొమ్మిదిమంది చందా కట్టినా సభ్యులు కానట్టే. సంఘం లెక్కల పుస్తకం, సభ్యుల జాబితా చూసే హక్కు ప్రతి సభ్యురాలికి ఉన్నది, అడిగితే తప్పు కాదు. ఇంకొకటి, సీఎంపీఎఫ్ (బొగ్గు గని కార్మికుల ప్రావిడెంట్ ఫండ్) ఖాతా నంబర్ జీతం చీటీ మీద ఉందో లేదో ఎవరన్న చూస్తున్రా? కోత పడుతది గని నంబర్ ఉండదు. టెండర్ మారినప్పుడు కొత్త కాంట్రాక్టరు పాత నంబర్ పట్టించుకోక ఇంకో నంబర్ తీస్తడు, సర్వీసు ముక్కలైతది.

రెండో షిఫ్ట్, గోదావరిఖని:
రసీదుల ముచ్చట ఒప్పుకుంట అక్కా, అది మా దిక్కు తప్పే. ఒక్కొక్కరికి ఒక్కో రసీదు ఉండాల్సిందే. కానీ విడిపోతే ఒక ఏరియాల శానిటేషన్‌కొకటి, సివిల్‌కొకటి, ఓబీకొకటి అయితయి. 14 రోజుల నోటీసు ఒక్కదాని పేరు మీద ఇస్తే మిగతా రెండిట్ల పని నడుస్తనే ఉంటది. అట్లాంటి సమ్మెకు మేనేజ్‌మెంట్ ఎందుకు దిగొస్తది?

నల్లనేల, భూపాలపల్లి:
ఏరియా మొత్తానికి ఒకటే సంఘం, పనికొక కమిటీ పెడదాం. లెక్కల పుస్తకం అన్నా, సభ్యత్వం క్లాజు ఎట్ల రాస్తే టెండర్ మారినా చెల్లుతదో, ఆ నాలుగు లైన్లు ఇక్కడనే పెట్టున్రి.