స్టీమర్‌లో చూసిన ఆ గొలుసులు: లింకన్ రాసిన రెండు ఉత్తరాల్లో దేన్ని నమ్మాలి?

ప్రశ్న:
బానిసత్వాన్ని వ్యతిరేకించిన అమెరికా నాయకుల సొంత ఉత్తరాలు చదువుతూ లింకన్ దగ్గర ఆగిపోయాను. 1841లో ఆయన, స్నేహితుడు జాషువా స్పీడ్ కలిసి లూయీవిల్ నుంచి స్టీమర్‌లో వెళ్తుంటే, అదే స్టీమర్‌లో ఒకాయన తాను కొన్న 12 మంది నల్లవాళ్ళని దక్షిణాదికి తీసుకెళ్తున్నాడు. ఆరుగురికో గొలుసు, ఒక్కొక్కరి ఎడమ మణికట్టుకి ఇనుప కడియం, గాలాల తాడుకి చిక్కిన చేపల్లా ఉన్నారని ఆ సెప్టెంబర్‌లో స్పీడ్ సవతి అక్క మేరీకి రాశాడు. అంతవరకూ సరే. కానీ స్టీమర్‌లో అందరికంటే ఉల్లాసంగా ఉన్నది వాళ్ళేనని, ఒకడు ఫిడేలు వాయిస్తుంటే మిగతావాళ్ళు ఆడి పాడారని కూడా అందులోనే ఉంది! 1855 ఆగస్టులో స్పీడ్‌కి రాసినప్పుడేమో ఆ దృశ్యం తనని ఎడతెగకుండా వేధించిందన్నాడు. ఇందులో ఏది నిజమండీ?

జవాబు:
ఎవరికి రాశాడో చూడండి. మేరీ వాళ్ళింట్లో కొన్ని వారాలు అతిథిగా ఉండి వచ్చాడు, ఆ ఇల్లు నడిచేదే బానిసల చాకిరీతో. అయినా ఆ ఉత్తరంలోనే అమ్మానాన్నల నుంచి, పెళ్ళాంపిల్లల నుంచి వీళ్ళని శాశ్వతంగా విడదీస్తున్నారని రాశాడు. ఫిడేలు వాయించినవాణ్ణి ఎందుకు అమ్మేశారో తెలుసా, భార్య మీద ప్రేమ మరీ ఎక్కువైందని. ఇక పాటల సంగతంటారా, బానిసగా బతికి తప్పించుకున్న ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో తన ఆత్మకథలో చెప్పేశాడు: బానిసలు ఎక్కువగా పాడేది దుఃఖంలో ఉన్నప్పుడేనని. లింకన్ కళ్ళతో చూశాడు గానీ ఆ పాటలో ఏముందో అప్పటికి వినలేదు, నా ఉద్దేశం అది.

ఇంకో జవాబు:
1855 ఉత్తరం రాజకీయం కోసం రాశాడనేవాళ్ళతో నేను ఏకీభవించను. స్పీడ్‌కి బానిసలున్నారు, ఈ విషయంలో ఇద్దరికీ పడదు, అలాంటి మనిషికి గుట్టుగా రాస్తే వచ్చే ఓట్లేముంటాయి? 1854లో కాన్సాస్-నెబ్రాస్కా చట్టం వచ్చి, కొత్త ప్రాంతాలకి కూడా బానిసత్వం పాకే దారి తెరుచుకుంది, ఆ కోపం ఉత్తరమంతా కనిపిస్తుంది. అనుమానంతో చదవాల్సింది పేపర్లో అచ్చయిన ఉత్తరాల్ని. 1862 ఆగస్టులో ఎడిటర్ హొరేస్ గ్రీలీకి జవాబిస్తూ, ఒక్క బానిసని కూడా విడిపించకుండా యూనియన్ (అంటే దేశం విడిపోకుండా ఒక్కటిగా) నిలబడుతుందంటే అలాగే చేస్తానన్నాడు. బానిసలకి స్వేచ్ఛనిచ్చే విమోచన ప్రకటన ముసాయిదాని అంతకు నెల ముందే, జూలై 22న, మంత్రులకి చదివి వినిపించాడు మరి!

ప్రశ్న అడిగినవారు:
బాగా చెప్పారు. కానీ పారిపోయినవాళ్ళని వేటాడి పట్టుకుంటుంటే పెదవి కొరుక్కుని ఊరుకుంటానని 1855లో ఆయనే రాశాడు కదా, అది మాత్రం నాకు మింగుడు పడట్లేదు.

జవాబు:
మింగుడు పడకూడదు కూడా. ఊరుకోనివాళ్ళ ఉత్తరాలు కావాలంటే ఫ్రాన్సెస్ సీవర్డ్‌వి చదవండి. ఆమె భర్త విలియం సీవర్డ్ సెనేటర్, తర్వాత లింకన్ మంత్రి. ఆయన రాజీ ధోరణిలోకి జారినప్పుడల్లా ఈమె ఉత్తరాల్లో నిలదీసేది, ఆబర్న్‌లోని ఇంట్లో పారిపోయి వచ్చినవాళ్ళకి చోటిచ్చింది. ఆ ఉత్తరాలు రోచెస్టర్ యూనివర్సిటీలో ఉన్నాయి. లింకన్ కాగితాల్ని ఆయన కొడుకు లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కి ఇస్తూ, తాను పోయిన 21 ఏళ్ళ దాకా తెరవొద్దని షరతు పెట్టాడు, 1947లో తెరిచారు, ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఉచితం. 1855 ఉత్తరం మాత్రం చివరిదాకా చదవండి, ఈ విషయంలో నీకంటే మీ ఆవిడే నా పక్షమని స్పీడ్ ముఖం మీదే అనేశాడు.