రెండు కాళ్ల సర్వర్: ఆర్‌పీ ఫిల్టర్ సడలిస్తే చాలా, దారులే సరిచేయాలా?

కొత్తతీగ

సెటప్ ఇదీ. లినక్స్ సర్వర్, రెండు నెట్‌వర్క్ కార్డులు, అంటే రెండు కాళ్లు. ఈత్0కి 192.0.2.10/24, డిఫాల్ట్ గేట్‌వే (వేరే దారి రాయని ప్యాకెట్లన్నీ వెళ్లే రూటర్) 192.0.2.1. ఈత్1కి 198.51.100.10/24, అటువైపు రూటర్ 198.51.100.1, దానికి డిఫాల్ట్ రూట్ ఇవ్వలేదు. 443 పోర్ట్ రెండు అడ్రస్‌ల మీదా వింటోంది. ఈత్1 ఉన్న సబ్‌నెట్‌లోని మెషీన్ నుంచి సైట్ తెరుచుకుంటోంది, బయటి 203.0.113.50 నుంచి మాత్రం టైమ్‌అవుట్. ఈత్1 మీద టీసీపీడంప్ (ప్యాకెట్లని చూపే కమాండ్) పెడితే సిన్ (కనెక్షన్ మొదలుపెట్టే) ప్యాకెట్ 1, 2, 4 సెకన్ల ఎడంతో మళ్లీ మళ్లీ వస్తోంది. జవాబు ఏ కార్డు మీదా కనబడదు. ఫైర్‌వాల్ ఇన్‌పుట్ చెయిన్‌లో (సర్వర్‌కే వచ్చే ప్యాకెట్ల రూల్స్) 443కి అనుమతి ఉంది కానీ ఆ రూల్ కౌంటర్ కదలడం లేదు.

ఆర్‌పీ ఫిల్టర్‌ని (వచ్చిన ప్యాకెట్ సోర్స్‌కి తిరుగుదారి ఉందో చూసే కెర్నల్ తనిఖీ) 1 నుంచి 2కి మారిస్తే చాలని కొందరు, సోర్స్ రూటింగ్ (సోర్స్ అడ్రస్‌ని బట్టి దారి ఎంచడం) పెట్టాల్సిందేనని కొందరు. ఏది సరైనది?

పాతకేబుల్

2 పెట్టండి. 1 అంటే కఠిన తనిఖీ: ప్యాకెట్ ఏ కార్డు మీద వచ్చిందో, దాని సోర్స్‌కి తిరుగుదారి కూడా అదే కార్డు మీద ఉండాలి. 2 అయితే ఏ కార్డు మీదున్నా చాలు. మీ డిఫాల్ట్ ఈత్0 మీద ఉంది, సిన్ ఈత్1 మీద వచ్చింది, కెర్నల్ పారేసింది. ఇన్‌పుట్ చెయిన్ దాకా వెళ్లనే లేదు, అందుకే కౌంటర్ కదల్లేదు. టీసీపీడంప్ ఈ తనిఖీకి ముందే చూస్తుంది కాబట్టి దానికి కనబడింది. కెర్నల్ లెక్కలు చూపే ఎన్‌స్టాట్‌లో ‘ఐపీ రివర్స్ పాత్ ఫిల్టర్’ కౌంటర్ చూడండి, ఒక్కో సిన్‌కి ఒక్కో అంకె పెరుగుతుంది. రెండు అప్‌లింకులున్న చోట కఠిన తనిఖీ పొసగదని 2004 నాటి ఇంటర్నెట్ మార్గదర్శక పత్రం ఆర్‌ఎఫ్‌సీ 3704 కూడా చెబుతుంది.

ఒక మెలిక: ‘ఆల్’ (అన్ని కార్డులకీ వర్తించే) విలువ, కార్డు విలువ, ఈ రెండిట్లో పెద్దదే అమలవుతుంది. ‘ఆల్’ 1 ఉండగా ఈత్1కి 0 (తనిఖీ లేదు) పెడితే ఏమీ మారదు. 2 పెడితేనే మారుతుంది.

దారిలెక్క

రోగం గుర్తించడం వరకు పాతకేబుల్ గారి మాట నూటికి నూరుపాళ్లు నిజం. మందు దగ్గరే పేచీ. 2 పెట్టాక ఏం జరుగుతుందో చూడండి. సిన్ లోపలికొస్తుంది, ఇన్‌పుట్ కౌంటర్ పెరుగుతుంది, అందరూ సంబరపడతారు. సిన్-యాక్ (సిన్‌కి జవాబు) మాత్రం సోర్స్ 198.51.100.10తో ఈత్0 గుండా బయల్దేరుతుంది. 192.0.2.1 దగ్గరున్న స్టేట్‌ఫుల్ (కనెక్షన్లను గుర్తుపెట్టుకునే) ఫైర్‌వాల్ సిన్ చూడనే లేదు, కాబట్టి ఇన్‌వాలిడ్ అని పారేస్తుంది. అక్కడ ఫైర్‌వాల్ లేకపోయినా, తమది కాని సోర్స్ అడ్రస్‌ని చాలామంది ప్రొవైడర్లు బయటికి వదలరు. ఆర్‌ఎఫ్‌సీ 2827 చెప్పిన వడపోత అదే. టైమ్‌అవుట్ అలాగే ఉంటుంది, చోటు మాత్రం మన చేతిలో లేని పెట్టెకి మారుతుంది.

పైగా డిఫాల్ట్ రూట్ ఉన్న సర్వర్‌లో 2 అంటే తనిఖీ లేనట్టే. ఏ సోర్స్‌కైనా ఏదో ఒక దారి దొరుకుతుంది కదా.

చేయాల్సింది ఇంతే. మెయిన్ కాక వేరేగా పెట్టుకునే దారుల పట్టిక, టేబుల్ 102లో రెండు రూట్లు: 198.51.100.0/24 ఈత్1 మీద, డిఫాల్ట్ 198.51.100.1 గుండా. తర్వాత ఒక రూల్: ‘ఐపీ రూల్ యాడ్ ఫ్రమ్ 198.51.100.10 లుకప్ 102 ప్రయారిటీ 1000’. చిన్న అంకె రూల్‌నే కెర్నల్ ముందు చూస్తుంది, మెయిన్ టేబుల్ రూల్ 32766 దగ్గర ఉంటుంది కాబట్టి ఇది ముందే తగులుతుంది. సరిచూడటానికి ‘ఐపీ రూట్ గెట్ 203.0.113.50 ఫ్రమ్ 198.51.100.10’. జవాబులో ఈత్1 రావాలి.

చాలామంది గమనించనిది ఇంకోటి: ఇలా చేశాక ఆర్‌పీ ఫిల్టర్ 1లోనే ఉంచవచ్చు. తిరుగుదారి వెతికేటప్పుడు కెర్నల్ సోర్స్, డెస్టినేషన్ తారుమారు చేసి చూస్తుంది. అంటే మన అడ్రసే ‘ఫ్రమ్’ అవుతుంది, అదే రూల్ తగులుతుంది, ఈత్1 అని తేలుతుంది. తనిఖీ పాసవుతుంది.

పాతకేబుల్

కాగితం మీద బాగుంది. నిర్వహణ సంగతి? చేత్తో వేసిన ఆ రూల్, సిస్టమ్‌డీ-నెట్‌వర్క్‌డీ (నెట్‌వర్క్ సెట్టింగులు వేసే సర్వీస్) రీస్టార్ట్ అయితే మాయం. తన ఫైళ్లలో లేని రూల్స్‌ని అది డిఫాల్ట్‌గా ఊడ్చేస్తుంది. ఈత్1 డౌన్ చేశారనుకోండి, టేబుల్ 102లో రూట్లన్నీ పోతాయి, రూల్ మిగులుతుంది. ఖాళీ టేబుల్ దాటి లుకప్ మెయిన్‌కి జారుతుంది, మళ్లీ ఈత్0 గుండానే బయటికి. ఆరు నెలల తర్వాత డ్యూటీలో ఉన్నవాడు ‘ఐపీ రూట్’ కొట్టి చూస్తే మెయిన్ టేబుల్ ఒక్కటే కనబడుతుంది, 102 ఉందనే తెలియదు.

దారిలెక్క

మూడూ నిజమే, మూడిటికీ విరుగుడుంది. రూల్‌ని నెట్‌ప్లాన్ సెట్టింగ్ ఫైల్‌లో అయితే రూటింగ్-పాలసీ కింద, నెట్‌వర్క్‌డీలో అయితే రూటింగ్‌పాలసీరూల్ సెక్షన్‌లో రాయండి. టేబుల్ 102లో పెద్ద మెట్రిక్‌తో (చివరి ప్రాధాన్యం) ‘అన్‌రీచబుల్ డిఫాల్ట్’ ఒకటి వేయండి. ఈత్1 పడిపోతే ప్యాకెట్ అక్కడే ఆగుతుంది, పక్కదారి పట్టదు. చూసేటప్పుడు ‘ఐపీ రూల్’, ఆ తర్వాత ‘ఐపీ రూట్ షో టేబుల్ ఆల్’. ఈ రెండూ కొట్టకుండా రూటింగ్ చూశామనుకోకూడదు.

దూరం నుంచి చేసేవాళ్లు నెట్‌ప్లాన్ ట్రై వాడండి. 120 సెకన్లలో ఒప్పుకోకపోతే పాత సెట్టింగ్‌కి తిరిగి వెళ్తుంది.

నాలుగోపొర

ఇద్దరూ టీసీపీ మీదే కొట్టుకుంటున్నారు. యూడీపీ (కనెక్షన్ లేకుండా ప్యాకెట్లు పంపే పద్ధతి) సర్వీస్ 0.0.0.0 (అన్ని అడ్రస్‌లు) మీద వింటుంటే సోర్స్ రూల్ కూడా కాపాడదు. టీసీపీలో సిన్ ఏ అడ్రస్‌కి వచ్చిందో జవాబు సోర్స్ అదే. యూడీపీలో ప్రోగ్రామ్ సోర్స్ చెప్పకపోతే కెర్నల్ ముందు దారి వెతికి, ఆ కార్డు అడ్రస్‌ని సోర్స్‌గా అంటిస్తుంది. 198.51.100.10కి వచ్చిన ప్రశ్నకి 192.0.2.10 నుంచి జవాబు పోతుంది. క్లయింట్ పారేస్తుంది. మందు: ప్రోగ్రామ్ కాన్ఫిగ్‌లో రెండు అడ్రస్‌లనూ విడివిడిగా వినమని రాయడం.

కొత్తతీగ

సోర్స్ రూల్ పెట్టాను, 443 బయటి నుంచి తెరుచుకుంది, ఆర్‌పీ ఫిల్టర్ 1లోనే ఉంది. కానీ ఈత్1 మీద 8443ని కంటెయినర్‌కి (సర్వర్‌లోనే వేరుగా నడిచే ప్రోగ్రామ్; 172.20.0.5, బీఆర్0 బ్రిడ్జ్) డీనాట్ చేశాను, అంటే డెస్టినేషన్ మార్చి మళ్లించాను, అది మాత్రం రావడం లేదు. ఎన్‌స్టాట్ కౌంటర్ మళ్లీ పెరుగుతోంది.

నాలుగోపొర

రావడం కుదరదు. డీనాట్ ప్రీరూటింగ్‌లోనే (దారి వెతకడానికి ముందు దశ) జరుగుతుంది, దారి వెతికే సమయానికి డెస్టినేషన్ 172.20.0.5 అయిపోయింది. ‘ఫ్రమ్ 198.51.100.10’ రూల్ తగిలే ప్రసక్తే లేదు. తిరుగు ప్యాకెట్‌ది కూడా అదే కథ: సోర్స్ 172.20.0.5గా ఉన్నప్పుడే రూటింగ్ అయిపోతుంది, అసలు అడ్రస్ వెనక్కి రావడం దారి తేలాక, పోస్ట్‌రూటింగ్‌లో. ఇక్కడ కనెక్షన్ మార్క్ (కనెక్షన్ మీద వేసే గుర్తు అంకె) తప్పదు.

ఎన్‌ఎఫ్‌టేబుల్స్ ఫైర్‌వాల్‌లో ప్రీరూటింగ్ చెయిన్, ప్రయారిటీ -150. ఈత్1 మీద వచ్చిన కొత్త కనెక్షన్‌కి సీటీ మార్క్ (కనెక్షన్ మార్క్) 2. తర్వాతి లైన్‌లో బీఆర్0 మీద వచ్చే ప్యాకెట్లకి మాత్రమే ‘మెటా మార్క్ సెట్ సీటీ మార్క్’, అంటే కనెక్షన్ గుర్తుని ప్యాకెట్ మీదికి దించడం. ఆపైన ‘ఐపీ రూల్ యాడ్ ఎఫ్‌డబ్ల్యూమార్క్ 2 లుకప్ 102’.

ఆ ‘బీఆర్0 మాత్రమే’ అన్న షరతు దగ్గరే ఎక్కువమంది బోర్లా పడతారు. షరతు లేకుండా అన్నిటికీ మార్క్ దించితే, ఈత్1 మీద లోపలికొస్తున్న ప్యాకెట్‌కి కూడా 2 అంటుకుంటుంది. అది టేబుల్ 102కి వెళ్తుంది, అక్కడ 172.20 సబ్‌నెట్ లేదు, డిఫాల్ట్ ఉంది. కంటెయినర్‌కి చేరాల్సిన ప్యాకెట్ వచ్చిన గుమ్మంలోంచే బయటికి పోతుంది.

పాతకేబుల్

అంటే మార్క్ లేని ఆ లోపలి ప్యాకెట్ కఠిన తనిఖీలో పాసవదు. తిరుగుదారి మెయిన్‌లో చూస్తే ఈత్0 వస్తుంది కదా. చివరికి ఈత్1కి 2 పెట్టాల్సిందే. మొదట్నుంచీ నేనంటున్నది అదే.

దారిలెక్క

ఈ ఒక్క చోట ఒప్పుకుంటాను. ఈత్1కి 2, మార్క్ బీఆర్0 వైపు మాత్రమే: చదివేవాడికి అర్థమయ్యే అమరిక. కానీ అది దారులు సరిచేశాక ఇచ్చే సడలింపు, వాటి బదులు కాదు.

1లోనే ఉంచాలనే పట్టుదల ఉంటే దారి ఉంది: రెండు వైపులా మార్క్ దించండి, 172.20.0.0/16ని బీఆర్0 మీద టేబుల్ 102లోనూ చేర్చండి, ఈత్1కి సోర్స్ వ్యాలిడ్ మార్క్ సిస్‌సీటీఎల్‌ని (కెర్నల్ సెట్టింగ్) 1 చేయండి. ఆ మూడోది లేకపోతే తిరుగుదారి తనిఖీ మార్క్‌ని లెక్కలోకే తీసుకోదు, మిగతా రెండూ వృథా.

గోడకాపలా

ఫైర్‌వాల్ మాట ఎవరూ ఎత్తలేదు కాబట్టి. లినక్స్‌లో అడ్రస్ కార్డుది కాదు, మెషీన్‌ది. ఎస్‌ఎస్‌హెచ్‌ని (దూరం నుంచి లాగిన్ అయ్యే సర్వీస్) 192.0.2.10కి మాత్రమే కట్టినా, ఈత్1 సబ్‌నెట్‌లోని పొరుగు మెషీన్ ఆ అడ్రస్‌కి దారి 198.51.100.10 గుండా అని రాసుకుంటే ప్యాకెట్ ఈత్1 మీదే వస్తుంది, కెర్నల్ తీసుకుంటుంది. ఆర్‌పీ ఫిల్టర్ చూసేది సోర్స్‌ని, ఇక్కడ సోర్స్ సక్రమమే. ప్రీరూటింగ్‌లో ‘ఫిబ్ డీఅడ్రస్ . ఐఐఎఫ్ టైప్’ (దారుల పట్టిక ప్రకారం, వచ్చిన కార్డు దృష్ట్యా డెస్టినేషన్ రకం) లోకల్, బ్రాడ్‌కాస్ట్, మల్టీకాస్ట్ కాకపోతే డ్రాప్ అన్న ఒక్క లైన్ దీన్ని మూసేస్తుంది. ఫార్వార్డింగ్ చేసే సర్వర్‌లో దాన్ని గుడ్డిగా వేయకండి. కంటెయినర్ బయటికి పంపే ప్రతి ప్యాకెట్ డెస్టినేషన్ మనది కాదు, అన్నీ పోతాయి. ఈత్0, ఈత్1లకే పరిమితం చేసి, డీనాట్ కంటే ముందు ప్రయారిటీలో పెట్టండి.

ఐపీవీ6కి ఆర్‌పీ ఫిల్టర్ సిస్‌సీటీఎల్ అసలు లేనే లేదు. అక్కడ 1, 2 వాదన వృథా, ఆ తనిఖీని ఫిబ్‌తోనే రాసుకోవాలి.

మేనేజ్‌మెంట్ కార్డుని వేరు చేయడమే లక్ష్యమైతే నా ఓటు వీఆర్‌ఎఫ్‌కి (కార్డుకి సొంత దారుల పట్టిక ఇచ్చే ఏర్పాటు). కెర్నల్ 4.3 నుంచి ఉంది. ఒకటే గుర్తుంచుకోండి: ఇన్‌పుట్ చెయిన్‌కి వచ్చేసరికి లోపలి కార్డు పేరు ఈత్1గా కాక వీఆర్‌ఎఫ్ పేరుగా కనబడుతుంది. పాత రూల్స్ చడీచప్పుడు లేకుండా తగలడం మానేస్తాయి.

పాతకేబుల్

రెండు కార్డులకి వీఆర్‌ఎఫ్ అంటే ఎలకల కోసం ఇల్లు తగలబెట్టడమే. కొత్తతీగ గారూ, ఈత్1కి 2 పెట్టి, బీఆర్0 మార్క్ వేసి, 8443 మీద సిన్-యాక్ ఏ కార్డులోంచి పోతోందో టీసీపీడంప్‌లో చూడండి.

కొత్తతీగ

ఈత్1 గుండానే పోతోంది, 8443 తెరుచుకుంది. రెండు మార్పులూ ఫైళ్లలోకి ఎక్కించి, నెట్‌వర్క్‌డీ రీస్టార్ట్ చేసి చూశాను. ‘ఐపీ రూల్’లో రెండు రూల్సూ ఉన్నాయి.