మూడో కూత అనగానే మా రైడర్ బిగుసుకుపోతోంది, ఏం చేయాలి?

పీఈటీ (ప్రశ్న):
నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. మా అమ్మాయిల కబడ్డీ జట్టులో తొమ్మిదో తరగతి రైడర్ ఒకరున్నారు. సాయంత్రం మా మట్టి కోర్టులో ఆమెను ఆపడం పదో తరగతి పిల్లల వల్ల కూడా కాదు. మండల పోటీల దాకా బాగానే ఆడింది. ఆ పైస్థాయికి వెళ్ళి మ్యాట్ మీద అడుగుపెట్టేసరికి వేరే మనిషి అయిపోయింది. ముఖ్యంగా పాయింటు రాని రెండు ఖాళీ రైడ్ల (కూతల) తర్వాత వచ్చే డూ ఆర్ డై రైడ్‌లో బాక్ లైన్ (ఎదుటి సగంలో రైడర్ తప్పక దాటాల్సిన గీత) దగ్గరే తచ్చాడుతుంది. రైడ్‌కు ఉన్న 30 సెకన్లు అక్కడే కరిగిపోతాయి. పాయింటు తేకపోతే ఔటని ఆమెకూ తెలుసు. మ్యాచ్‌కు ముందు ఊరి పరువు, బడి పేరు అన్నీ గుర్తుచేసి ఉత్సాహపరుస్తున్నాను. చెప్పిన కొద్దీ ఇంకా బిగుసుకుంటోంది. ధ్యానం చేయించమని ఇప్పటికే చాలామంది చెప్పారు. కోర్టులో పనికొచ్చే మాట ఏదైనా ఉంటే చెప్పండి.

వీరాభిమాని:
ఈ కాలం పిల్లల్లో కసి లేదండీ. మా రోజుల్లో మోకాళ్ళు చెక్కుకుపోయినా ఆడేవాళ్ళం. నాలుగు గట్టిగా చీవాట్లు పెట్టండి, అదే వస్తుంది.

ఎడమ కార్నర్:
నేను కూతకు వెళ్ళే వాడిని కాదు, పట్టే వాడిని. భయపడిన రైడర్‌ను మేము కూతలోనే పసిగడతాం. కబడ్డీ కబడ్డీ అనే మాట ఒక్కసారిగా వేగం అందుకుంటుంది, గొంతు సన్నబడుతుంది. చూపు మాటిమాటికీ మధ్యగీత వైపు పోతుంది. అది కనిపించగానే చేతులు పట్టుకుని నిలబడ్డ మా గొలుసు ఒక అడుగు ముందుకు జరుగుతుంది. కాబట్టి మీ అమ్మాయి చేత ముందు కూత సాధన చేయించండి. పరుగెత్తి వచ్చి రొప్పుతున్నప్పుడు కూడా అదే లయలో పలకాలి. ఊపిరి నిలకడగా ఉంటే ఎదుటివాళ్ళకు లోపల ఏముందో తెలియదు.

పాత రైడర్:
కసి లేదన్న పెద్దమనిషికి ఒక ప్రశ్న. 2016లో అహ్మదాబాద్ ప్రపంచకప్ తొలి మ్యాచ్‌లోనే కొరియా చేతిలో 32-34తో ఓడాం. ఫైనల్లో విరామానికి ఇరాన్ మీద 13-18తో వెనుకబడ్డాం. మన రైడర్ అజయ్ ఠాకూర్ ఒక్కడే 12 పాయింట్లు తెచ్చాడు, 38-29తో కప్పు మనదైంది. అదే ఠాకూర్ కెప్టెన్‌గా 2018 జకార్తా ఆసియా క్రీడల సెమీస్‌లో అదే ఇరాన్ చేతిలో 18-27తో ఓడాం. రెండేళ్ళలో కసి ఆవిరైపోయిందా?

పీఈటీ గారూ, ముందు ఆ పరువు ప్రసంగం మానేయండి. ఊరి పేరెత్తగానే ఆ పిల్ల తలలో ఊరంతా వచ్చి కూర్చుంటుంది. ఎదురుగా ఉన్న ఏడుగురే ఎక్కువ ఆమెకు.

సాధన మ్యాచ్ మామూలుగా నడుస్తుండగా ఈల ఊది, ఉన్నట్టుండి డూ ఆర్ డై పెట్టండి. మిగతా పిల్లలను గీతల చుట్టూ నిలబెట్టి గోల చేయించండి. మీరు గడియారం చూస్తూ ఇరవై, పది అని గట్టిగా అరవండి. మధ్యగీత దాటకముందే ఎవరి మీదికి వెళ్తుందో ఆమె మీ చెవిలో చెప్పాలి. అవతలి కుడి కార్నర్ (కుడి చివర నిలబడి పట్టే అమ్మాయి) తొందరపడి కాలికి పడే రకమైతే ఆమె పేరే చెప్పనివ్వండి. దొరికిపోయినా సరే, చెప్పిందే చేయాలి. లోపలికి వెళ్ళాక ఎంచుకోవాలంటే 30 సెకన్లు ఏ మూలకు? పాయింటు రాలేదని కోర్టు చుట్టూ పరుగులు మాత్రం పెట్టించకండి, వెంటనే ఇంకో డూ ఆర్ డై ఇవ్వండి.

ఇంకొకటి. ఔటై బయట కూర్చున్న పిల్లలు తలా ఒక సలహా అరుస్తారు, గమనించారా? బోనస్ (వెనకున్న బోనస్ గీతను కాలితో దాటి తెచ్చే పాయింటు) అని ఒకరు, వెనక్కి రా అని ఒకరు. కెప్టెన్ ఒక్కరే నోరు విప్పాలని కట్టడి చేయండి.

హాస్టల్ జట్టు:
నేనూ మట్టి మీద, వట్టికాళ్ళతో ఆడి పైకి వచ్చినదాన్నే. మ్యాట్ మీద మొదటిసారి బూట్లు వేసుకున్నప్పుడు కాలు ఎక్కడ ఆగుతుందో నాకే తెలిసేది కాదు. టచ్ కోసం వంగితే జారిపోతానని అక్కడే నిలబడిపోయేదాన్ని. బయటనుంచి చూసేవాళ్ళు పిరికిది అనుకున్నారు. ఆ అమ్మాయి ఎవరి బూట్లు వేసుకుని ఆడుతోందో ఒకసారి చూడండి సార్.

పీఈటీ:
చూశానమ్మా. బడి వదిలి వెళ్ళిన ఒక సీనియర్ బూట్లు అవి. వేళ్ళ దగ్గర గుడ్డపేలిక కుక్కుకుని ఆడుతోందట, నాకు చెప్పలేదు. కొత్త జత కోసం ప్రధానోపాధ్యాయుడిని అడిగాను. ఈల ఊదే పద్ధతి కూడా మొదలుపెట్టాను. పాత రైడర్ గారూ, ఒక సందేహం. చెవిలో ఎవరి మీదికని అడిగితే ప్రతిసారీ బోనస్ అంటోంది. ఒప్పుకోవాలా?

పాత రైడర్:
ఎదుట ఆరుగురో ఏడుగురో ఉంటే ఒప్పుకోండి, డూ ఆర్ డైలో బోనస్ కూడా పాయింటే. ఐదుగురికి తగ్గాక ఆ పాయింటు ఇవ్వరు, టచ్ తప్ప దారి లేదు. ముగ్గురే మిగిలితే ఇంకా జాగ్రత్త, ఆమెను పట్టుకుంటే వాళ్ళకు రెండు పాయింట్లు. అలాంటప్పుడు కొన్నాళ్ళు మీ రెండో రైడర్‌ను పంపి చూడండి. మూడో కూత ఆమే వెళ్ళాలని నియమమేమీ లేదు కదా.