డబ్‌కి లైవ్ వాయిద్యాలు: ఈక్యూ రికార్డింగ్‌లోనే వేసెయ్యాలా, మిక్స్‌కి వదలాలా?

మెలోడికా_మారతహళ్ళి:
బెంగళూరులో రెగే, డబ్ (రెగే పాటలోంచి గొంతు, వాయిద్యాలు తీసేస్తూ ఎకో వేస్తూ చేసే మిక్స్) వాయించే తెలుగువాళ్ళు ఎవరున్నా ఒక మాట చెప్పండి. పోయిన శనివారం బాణసవాడి వైపు ఒక ప్రాక్టీస్ రూం గంటల లెక్కన తీసుకుని డ్రమ్స్, బేస్, గిటారు, డప్పు అన్నీ ఒకేసారి వాయించి ఎనిమిది ట్రాకుల్లో రికార్డు చేశాం. మైకులు చూసుకున్న ఫ్రెండ్ "ఈక్యూ (పై, కింది శబ్దాలు పెంచే, కోసే నాబ్‌లు) ఏదీ ముట్టుకోవద్దు, అంతా ఫ్లాట్‌గా తీసుకుందాం, మిగతాది మిక్స్‌లో" అన్నాడు, సరే అన్నాను. ఆదివారం రాత్రి మిక్స్‌కి కూర్చుని బేస్ ఒక్కటే ఉంచి మిగతావన్నీ మ్యూట్ చేస్తే, బేస్ ఆంప్ ముందు మైకులోంచి స్నేర్ డ్రమ్ వినిపిస్తూనే ఉంది, పక్కింట్లో రోట్లో ఏదో దంచుతున్నట్టు. డప్పుని ఎకోలోకి తోస్తే డ్రమ్స్‌లోని హై హ్యాట్ తాళాలు కూడా దాని వెంటే పోయి చివరికి ఎకో అంతా సీసీ అని మిగిలింది. డబ్ అంటేనే తీసేయడం కదా, తీసేసినది పోకపోతే ఇంకేం మిగిలింది? అందుకే నా వాదన: మామూలు పాట సంగతి వేరు, డబ్‌కి మాత్రం ప్రతి మైకు మీదా కోత రికార్డింగ్ రోజే పడాలి.

బేస్_పురం:
అన్నా, బాధ నిజమే గానీ మందు వేరే. బేస్ మైకులో పైవన్నీ 3 వేల హెర్ట్జ్ దగ్గర కోసేస్తే స్నేర్ కొంతవరకు తగ్గుతుంది, ఆ కోత శనివారం పెట్టినా ఆదివారం పెట్టినా ఫలితం ఒకటే. తేడా ఏంటంటే శనివారం కోసింది మళ్ళీ అతకదు. రెండేళ్ళ కిందట నేనే చేశాను ఈ తప్పు: రూంలో యూపీఎస్ హమ్ వస్తోందని బేస్‌కి 80 హెర్ట్జ్ కింద శబ్దాలు కోసే లో కట్ వేసి రికార్డు చేశా. హెడ్‌ఫోన్స్‌లో బాగానే ఉంది. పెద్ద సబ్ వూఫర్లున్న చోట వేసినప్పుడు తెలిసింది, కింద నేల లేదు. బేస్ లావు తీగ వదులుగా మీటితే 41 హెర్ట్జ్, దాని పై తీగ 55. రెగేలో పాట నిలబడేదే ఆ రెండింటి మీద, వాటినే నేను కోసిపారేశాను. ఆ టేక్ వాయించినవాడు ఇప్పుడు ఈ ఊళ్ళో లేడు, మళ్ళీ వాయించే దారి కూడా లేదు. అందుకే గట్టిగా చెప్తున్నా, ఫ్లాట్‌గానే తీసుకో.

టేపు_పిచ్చి:
బేస్_పురం గారూ, మీ అనుభవం కాదనను, కానీ ఈ సంగీతం పుట్టింది ఫ్లాట్‌గా తీసుకున్న టేపుల మీద కాదండి. డబ్‌కి ఆద్యుల్లో ఒకరైన కింగ్ టబ్బీ, అంటే ఆస్‌బోర్న్ రడక్, జమైకాలోని కింగ్‌స్టన్‌లో రేడియోలు, ఆంప్లిఫయర్లు బాగుచేసే మనిషి. 1970ల మొదట్లో డైనమిక్ స్టూడియో నుంచి కొనుక్కున్న పాత మిక్సరు మీద నాలుగు ట్రాకుల టేపులతో పని చేశారు. ఆయన ఇంటి స్టూడియోలో గొంతు రికార్డు చేసేంత చోటే గానీ బ్యాండు పట్టదు, రిథమ్ టేపులు వేరే స్టూడియోల నుంచి వచ్చేవి. నాలుగే ట్రాకులంటే ఏమవుతుందో ఆలోచించండి. డ్రమ్స్ అంతా కలిపి ఒక ట్రాకులో వచ్చిందనుకుంటే కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్) ఎంత, స్నేర్ ఎంత అన్నది రికార్డు చేసిన మనిషే తేల్చేశాడు, తర్వాత విడదీయడం ఎవరి తరమూ కాదు. ఆయన మిక్సర్లో మెట్లుమెట్లుగా తిరిగే, కింది శబ్దాలు కోసే హై పాస్ నాబ్ ఉంది చూశారూ, దాన్ని తప్పు దిద్దడానికి కాదు, వాయించడానికి వాడారు: డ్రమ్స్ ట్రాకు మీద తిప్పుతుంటే కింద బరువంతా జారిపోయి సిజిల్ ఒక్కటే మిగిలి మళ్ళీ ధబ్బుమని దిగుతుంది. చేతులు ఆ పనిలో ఉన్నప్పుడు గిటారులో మసక శబ్దమనే బురద కడుగుతూ కూర్చోలేం కదా. ఇక పక్క వాయిద్యం మైకులోకి కారడం అంటారా, పాత డబ్ రికార్డుల్లో తీసేసిన పాటగాడి గొంతు వెనకెక్కడో లీలగా వినిపిస్తుంది. నాకైతే ప్రాణం అది.

డప్పు_మదనపల్లె:
ఆ డప్పు నాదే. మీ హెర్ట్జ్‌లు నాకు తెలియవు, ఒకటి చెప్తా. రూం వెనక పేపర్లు కాల్చి డప్పు కాచుకుని లోపలికొచ్చా, వేలితో కొడితే ఖణేల్‌మంది. మైకులు సర్దుతూ నలభై నిమిషాలు కూర్చోబెట్టారు, బయట వాన, లోపల ఏసీ, తోలు తేమ పట్టింది. మూడో టేక్‌కి బొద్దుగా, నీళ్ళు తాగిన అట్టలా మోగింది. మెలోడికా అన్న మిక్స్‌లో డప్పుకి పైన పెంచీ పెంచీ హై హ్యాట్‌ని ఎకోలోకి లాగాడు, డప్పు బిగువుగా ఉంటే పెంచే పనే లేదు. ఇంకోటి, మైకు ముందు పెట్టారు, అక్కడ పుల్ల దెబ్బ తప్ప ఏమీ పడదు. వెనక వైపు పెట్టి వినండి, బరువంతా అక్కడుంది.

రిమ్‌షాట్_రాజాజీనగర్:
డప్పన్న చెప్పిందే అసలు సంగతి. బేస్ గురించి ఒక ముక్క: డీఐ లైన్ (మైకు లేకుండా బేస్ నుంచి నేరుగా వైరుతో తీసే ట్రాకు) కూడా తీశారా? ఆంప్ నుంచి మైకు అడుగు దూరంలో ఉంటే శబ్దం దాదాపు 0.9 మిల్లీ సెకన్లు ఆలస్యంగా చేరుతుంది, రెండూ కలిపితే 570 హెర్ట్జ్ దగ్గర గొయ్యి పడుతుంది. ఫోన్ స్పీకర్లో బేస్ వరస తెలియాలంటే కావలసింది సరిగ్గా ఆ చోటే. జనం అక్కడ ఈక్యూ ఎంత పెంచినా లేవట్లేదని కొట్టుకుంటారు, అది లేవదు, మైకు ట్రాకుని కాస్త ముందుకు జరపాలి. ఇక స్నేర్ మీద ఒక గుడ్డ వెయ్యండి, కిక్ లోపల దుప్పటి కుక్కండి. మోత తగ్గితే పక్క మైకుల్లోకి కారడమూ తగ్గుతుంది.

మెలోడికా_మారతహళ్ళి:
డీఐ తీశాం, విని చూశాను. జరపగానే బేస్ నోరు విప్పింది, రిమ్‌షాట్ బ్రో, థాంక్స్. మైకు ట్రాకు బాగా తగ్గించి డీఐ మీదే నడిపిస్తే స్నేర్ గోల కూడా దాదాపు పోయింది. బేస్‌కి కోత వద్దన్న మాట ఒప్పుకుంటున్నాను. గిటారుకి మాత్రం ఒప్పుకోను: ఆ చకా చకా అనే స్కాంక్ వాయింపుకి 250 హెర్ట్జ్ కింద అవసరమైనది ఏమీ లేదు, అది రికార్డింగ్‌లోనే కోస్తా, అలా కోసిన శబ్దం చెవిలో పడితేనే గిటారిస్టు చెయ్యి కూడా పొట్టిగా పడుతుంది. వచ్చే ఆదివారం పొద్దున్న మళ్ళీ రూం తీసుకుంటున్నాం. మైకులు, లెవెళ్ళు అన్నీ అయ్యాకే డప్పు కాచేది, డప్పు లోపలికి రాగానే టేక్. మైకు వెనక వైపు.

బేస్_పురం:
గిటారు కోత లేకుండా ఇంకో ట్రాకు కూడా ఉంచు అన్నా. నా మాట విను.

డప్పు_మదనపల్లె:
పేపర్లు చాలవు, కుంపటి నేను తెస్తా. వెనక గేటు తీసి ఉంచమని రూం ఆయనకి ముందే చెప్పు.