సోమర్‌విల్ సైకిల్ రేసు కోసం మనమేం చేయగలం?

ప్రశ్న: న్యూజెర్సీలో బ్రిడ్జ్‌వాటర్ గుడికి దగ్గర్లో ఉంటాం. మెమోరియల్ డే (యుద్ధాల్లో చనిపోయిన అమెరికా సైనికుల్ని తలుచుకునే సెలవు రోజు) వస్తే మా బాబుని భుజాల మీద ఎక్కించుకుని సోమర్‌విల్ మెయిన్ స్ట్రీట్‌లో రేసు చూస్తాను. 1940లో మొదలైన పోటీ అండీ! మనుషులు, డబ్బు చాలక ఎప్పుడైనా ఆగిపోతుందేమోనని నాకు టెన్షన్. మనవాళ్ళం ఏం చేయొచ్చు?

జవాబు 1: ముందు దాని కథ పిల్లలకు చెప్పండి. 1940, 41లో ఫర్మన్ కుగ్లర్, 1942లో కార్ల్ ఆండర్సన్ గెలిచారు. ఇద్దరూ రెండో ప్రపంచయుద్ధంలో చనిపోయారు. యుద్ధం వల్ల ఆగిన రేసు 1947లో వాళ్ళ స్మారకంగా మళ్ళీ మొదలైంది.

జవాబు 2: వాలంటీరుగా వెళ్ళండి. మలుపు దగ్గర విజిల్ పట్టుకుని, రోడ్డు దాటేవాళ్ళను ఆపే మనిషి లేకపోతే ఏ రేసూ నడవదు. మా ఊరి రేసులో ఒకసారి నిలబడ్డాను. సైకిళ్ళ గుంపు దూసుకెళ్తుంటే గాలి మొహానికి కొట్టింది!

ప్రశ్న అడిగినవారు: థాంక్సండీ. నేను పేరిస్తాను. ఆదివారం గుడి దగ్గర ఇంకో నలుగురిని అడుగుతాను.