రాష్ట్రం అనుమతించిన గంజాయి వ్యాపారం ఫెడరల్ చట్టంలో నేరమైతే, వీసాదారుల పరిస్థితి ఏమిటి?

ప్రశ్న: డెన్వర్ వాసి

అందరికీ నమస్కారం. నేను హెచ్-1బీ వీసాపై డెన్వర్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. గ్రీన్‌కార్డు దరఖాస్తు ఇంకా తొలి దశలోనే ఉంది. మా కంపెనీకి ఇటీవల ఒక కొత్త క్లయింటు వచ్చారు. గంజాయి దుకాణాల్లోని నిల్వలను, అమ్మకాలను నమోదు చేసి, ఆ లెక్కలను ఎప్పటికప్పుడు రాష్ట్ర ప్రభుత్వ వ్యవస్థకు పంపే సాఫ్ట్‌వేర్‌ను వారు తయారు చేయిస్తున్నారు. ఆ బృందంలో నన్ను చేర్చాలని మా మేనేజరు ఆలోచిస్తున్నారు.

పని అర్థం కావడానికి మమ్మల్ని ఒక దుకాణానికి తీసుకువెళ్లారు. తలుపు దగ్గరే గుర్తింపు కార్డు చూసి, 21 ఏళ్లు నిండినవారినే లోపలికి పంపుతున్నారు. ప్రతి డబ్బాపైనా నంబరు వేసిన చీటీ ఉంది. మొక్క దశ నుంచి కొనుగోలుదారు చేతికి చేరేవరకు ఆ సరుకు ఎక్కడెక్కడికి వెళ్లిందో ఆ నంబరును బట్టి రాష్ట్ర అధికారులు చూడగలరు. రాష్ట్రం 15 శాతం ప్రత్యేక అమ్మకపు పన్ను కూడా వసూలు చేసుకుంటోంది. ఇంత పకడ్బందీగా, రాష్ట్ర ప్రభుత్వమే లైసెన్సు ఇచ్చి నడిపిస్తున్న వ్యాపారం ఫెడరల్ చట్టం ప్రకారం నేరమని తెలిసి ఆశ్చర్యపోయాను.

ఒకే నేలపై ఒకే పని ఒక చట్టం ప్రకారం సక్రమమూ, మరో చట్టం ప్రకారం నేరమూ ఎలా అవుతుంది? ఫెడరల్ చట్టానిదే పైచేయి అయితే, ఈ దుకాణాలను ఇన్నేళ్లుగా ఎందుకు మూయించలేదు? గంజాయిని తాకకుండా కేవలం కోడ్ రాసే నాలాంటి వీసాదారుడికి నిజంగా ప్రమాదం ఉందా? తెలిసినవారు వివరించగలరు.

జవాబు: న్యాయశాస్త్ర అధ్యాపకురాలు, శాక్రమెంటో

డెన్వర్ వాసి గారూ, మీ మొదటి ప్రశ్నకు జవాబు కాలిఫోర్నియాలో జరిగిన ఒక ఘటనలో ఉంది. 1970లో అమెరికన్ కాంగ్రెస్ నియంత్రిత పదార్థాల చట్టాన్ని చేసి, గంజాయిని హెరాయిన్‌తో పాటు మొదటి షెడ్యూలులో పెట్టింది. వైద్యపరంగా ఆమోదిత ఉపయోగం లేనివని, దుర్వినియోగానికి ఎక్కువ అవకాశం ఉన్నవని ప్రభుత్వం భావించిన పదార్థాలు ఆ షెడ్యూలులో ఉంటాయి. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యుల సిఫారసుపై గంజాయి వాడకాన్ని అనుమతించారు. 2002 ఆగస్టులో ఆ రాష్ట్రంలోనే డయాన్ మాన్సన్ అనే మహిళ ఇంటికి కౌంటీ పోలీసులూ, ఫెడరల్ మాదకద్రవ్యాల నిరోధక అధికారులూ కలిసి వెళ్లారు. ఆమె పెంచుకుంటున్న మొక్కలు ఆరు. విచారించిన కౌంటీ పోలీసులు, రాష్ట్ర చట్టం ప్రకారం ఆమె చేస్తున్నది పూర్తిగా సక్రమమేనని తేల్చారు. ఫెడరల్ అధికారులు ఒప్పుకోలేదు. రెండు పక్షాల మధ్య మూడు గంటలపాటు ప్రతిష్టంభన నడిచింది. చివరకు ఫెడరల్ అధికారులు ఆ ఆరు మొక్కలనూ స్వాధీనం చేసుకుని నాశనం చేశారు.

మాన్సన్, మరో రోగి ఏంజెల్ రైచ్ కలిసి వేసిన కేసులో సుప్రీంకోర్టు 2005లో 6-3 మెజారిటీతో ఫెడరల్ ప్రభుత్వం వైపు తీర్పు చెప్పింది. అమ్మకానికి కాకుండా సొంత వాడకానికి ఇంట్లో పెంచుకున్న మొక్కలపై కాంగ్రెస్‌కు అధికారం ఎక్కడిదన్న ప్రశ్నకు, కోర్టు 1942 నాటి గోధుమల కేసును చూపించింది. ఒహాయో రైతు రాస్కో ఫిల్‌బర్న్ తన పొలంలో ప్రభుత్వ కోటాకు మించి పండించిన గోధుమలు సొంత అవసరాలకేనని వాదించినా, అలాంటి రైతులందరి పంటను కలిపి చూస్తే జాతీయ మార్కెట్‌పై ప్రభావం పడుతుంది కాబట్టి అంతర్రాష్ట్ర వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం అక్కడికీ వర్తిస్తుందని అప్పట్లో కోర్టు చెప్పింది. గంజాయి విషయంలోనూ అదే తర్కాన్ని అనుసరించింది.

ఇక్కడ చాలామంది పట్టించుకోని మరో పార్శ్వం ఉంది. కాంగ్రెస్ తన చట్టాన్ని తన అధికారులతో అమలు చేయించుకోగలదు గానీ, రాష్ట్రాల శాసనసభలను ఫలానా చట్టం చేయమని గానీ, రాష్ట్ర పోలీసులను తన చట్టాన్ని అమలు చేయమని గానీ ఆదేశించలేదు. తుపాకుల కొనుగోలుదారుల నేపథ్యాన్ని స్థానిక పోలీసు అధికారులే పరిశీలించాలన్న ఫెడరల్ నిబంధనను సుప్రీంకోర్టు 1997లో ప్రింట్జ్ కేసులో ఈ కారణంగానే కొట్టివేసింది. కాబట్టి 2012లో కొలరాడో ఓటర్లు గంజాయిని అనుమతించే 64వ సవరణను ఆమోదించినప్పుడు చేసిన పని, రాష్ట్రం విధించే శిక్షను తొలగించడం, దాని స్థానంలో లైసెన్సుల వ్యవస్థను పెట్టడం. ఫెడరల్ నేరాన్ని రద్దు చేసే శక్తి ఏ రాష్ట్రానికీ లేదు. రాష్ట్రం శిక్షించదు, ఫెడరల్ ప్రభుత్వం శిక్షించగలదు. ఈ రెండూ ఒకే నేలపై ఇలాగే పక్కపక్కన నిలబడి ఉన్నాయి. పొరుగు రాష్ట్రాలైన నెబ్రాస్కా, ఓక్లహోమా తమ సరిహద్దుల్లోకి గంజాయి వస్తోందంటూ కొలరాడోపై నేరుగా సుప్రీంకోర్టుకు వెళ్లినా, 2016లో కోర్టు ఆ వ్యాజ్యాన్ని స్వీకరించలేదు.

దీని ఫలితం సామాన్యుల మీద ఎలా పడుతుందో మీ రాష్ట్రంలోనే చూడవచ్చు. పక్షవాతంతో చక్రాల కుర్చీకి పరిమితమైన బ్రాండన్ కోట్స్ అనే ఉద్యోగి, వైద్యుల సిఫారసుతో, పని వేళలు ముగిశాక, ఇంట్లో గంజాయి వాడినందుకు ఉద్యోగం పోగొట్టుకున్నాడు. పని వేళల బయట చేసే చట్టబద్ధమైన పనుల కారణంగా ఎవరినీ తొలగించరాదన్న రాష్ట్ర చట్టాన్ని అతను ఆశ్రయించాడు. ఫెడరల్ చట్టం ప్రకారం కూడా సక్రమమైన పనికే ఆ రక్షణ వర్తిస్తుందని కొలరాడో సుప్రీంకోర్టు 2015లో ఏకగ్రీవంగా తీర్పునిచ్చింది. నా దృష్టిలో ఇది చాలా కఠినమైన ఫలితం. అయినా ఉన్న చట్టం అదే.

జవాబు: పన్నుల నిపుణుడు, సియాటిల్

దుకాణాలను ఎందుకు మూయించలేదన్న ప్రశ్నకు నాకు తెలిసినంతలో చెబుతాను. 2013 ఆగస్టులో న్యాయశాఖ ఉపాధిపతి జేమ్స్ కోల్ ఒక మెమో జారీ చేశారు. మైనర్లకు అమ్మకాలు, ముఠాల ప్రమేయం, ఇతర రాష్ట్రాలకు తరలింపు వంటివి లేకపోతే, రాష్ట్రాలు గట్టిగా నియంత్రిస్తున్నచోట ఫెడరల్ ప్రాసిక్యూటర్లు తమ వనరులను ఈ వ్యాపారాలపై వెచ్చించనక్కరలేదని దాని సారాంశం. 2018 జనవరిలో అటార్నీ జనరల్ జెఫ్ సెషన్స్ దాన్ని రద్దు చేశారు. రద్దయినా పెద్ద ఎత్తున దాడులేమీ జరగలేదు గానీ, ఈ వ్యాపారాలు నిలబడి ఉన్నది అధికారుల సంయమనం మీదేనన్న సంగతి ఆ రోజు అందరికీ తెలిసివచ్చింది. 2014 చివరి నుంచి బడ్జెట్ చట్టాల్లో చేరుస్తూ వస్తున్న ఒక నిబంధన, రాష్ట్రాల వైద్య గంజాయి కార్యక్రమాలను అడ్డుకోవడానికి న్యాయశాఖ నిధులు ఖర్చు చేయరాదంటుంది. వినోదానికి అమ్మే దుకాణాలకు ఆ కాస్త రక్షణ కూడా లేదు.

మూయించకపోయినా ఊపిరి సలపనివ్వని ఏర్పాటు పన్నుల చట్టంలో ఉంది. 1981లో పన్నుల కోర్టు ఒక మాదకద్రవ్యాల వ్యాపారికి అతని వ్యాపార ఖర్చులను మినహాయించుకునే వీలు కల్పించింది. దానికి విరుగుడుగా కాంగ్రెస్ 1982లో 280ఈ సెక్షన్ తెచ్చింది. మొదటి, రెండో షెడ్యూళ్లలోని పదార్థాలను అమ్మేవారికి సరుకు ఖరీదు తప్ప అద్దె, జీతాలు, ప్రకటనలు వంటి ఖర్చులేవీ మినహాయింపు కావు. ఉదాహరణకు ఒక దుకాణం ఏడాదికి 10 లక్షల డాలర్ల అమ్మకాలు చేసిందనుకుందాం. సరుకుకు 6 లక్షలు, మిగతా ఖర్చులకు 3 లక్షలు పోతే అసలు లాభం లక్ష డాలర్లు. 280ఈ ప్రకారం పన్ను మాత్రం 4 లక్షల మీద లెక్కిస్తారు. 21 శాతం కార్పొరేట్ రేటున అది 84,000 డాలర్లు. లక్ష లాభంలో మిగిలేది 16,000. ఈ సెక్షన్ కింద ఆదాయపన్ను శాఖ తమ లెక్కలు అడగడాన్ని సవాలు చేసిన ఒక కొలరాడో దుకాణం కేసును సుప్రీంకోర్టు 2021లో విచారణకు తీసుకోలేదు. అప్పుడు జస్టిస్ క్లారెన్స్ థామస్ విడిగా ఒక ప్రకటన రాసి, ఫెడరల్ ప్రభుత్వం సగం అనుమతిస్తూ సగం నిషేధిస్తున్న ఈ తీరులో 2005 నాటి తీర్పుకు ఆధారమైన తర్కం ఇంకా నిలుస్తుందా అని ప్రశ్నించారు. 2005లో విభేదించిన ముగ్గురిలో ఆయనా ఒకరు.

బ్యాంకులదీ ఇదే ఇబ్బంది. గంజాయి డబ్బును తీసుకుంటే మనీ లాండరింగ్ కేసు మెడకు చుట్టుకుంటుందేమోనన్న భయంతో చాలా బ్యాంకులు దూరంగా ఉంటాయి. అందుకే ఈ దుకాణాల్లో ఎక్కువగా నగదే నడుస్తుంది. మీరు వెళ్లిన దుకాణంలో కౌంటరు పక్కనే ఏటీఎం కనిపించి ఉంటే, కారణం అదే.

జవాబు: న్యాయవాది, విజయవాడ

మన దగ్గర ఇలాంటి చిక్కు ఎందుకు రాలేదో ఒక్కమాట చెబుతాను. కేంద్రం, రాష్ట్రాలు రెండూ చట్టాలు చేయగల ఉమ్మడి జాబితాలోని అంశంపై రాష్ట్ర చట్టం పార్లమెంటు చట్టంతో విభేదిస్తే, రాజ్యాంగంలోని 254వ అధికరణ ప్రకారం సాధారణంగా పార్లమెంటు చట్టమే నిలుస్తుంది. పైగా 1985 నాటి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టాన్ని రోజువారీగా అమలు చేసేది ప్రధానంగా రాష్ట్ర పోలీసులూ, ఎక్సైజ్ అధికారులే. విశాఖ మన్యంలో గంజాయి తోటలను నరికించినా, చెక్‌పోస్టుల్లో లారీలు పట్టుకున్నా వారు ఆ కేంద్ర చట్టం కిందే కేసులు పెడతారు. అమెరికాలోలా ‘మా పోలీసులు మీ చట్టాన్ని అమలు చేయరు’ అని ఒక రాష్ట్రం పక్కకు తప్పుకునే సంప్రదాయం ఇక్కడ లేదు. అక్కడ దుకాణంలో కొన్న గంజాయి మిఠాయిలు సామానులో పెట్టుకుని శంషాబాద్‌లో దిగితే, కొలరాడో రసీదు ఏ విధంగానూ పనికిరాదన్న సంగతి సెలవులకు వచ్చే పిల్లలకు తల్లిదండ్రులు తప్పక చెప్పాలి.

మళ్లీ: డెన్వర్ వాసి

వివరంగా రాసిన అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. అధికారులు ఎలాగూ కేసులు పెట్టడం లేదంటున్నారు. గంజాయిని మూడో షెడ్యూలుకు మార్చాలని న్యాయశాఖ 2024 మేలో ప్రతిపాదించిందని కూడా చదివాను. అలాంటప్పుడు నేను అంతగా భయపడనక్కరలేదా?

జవాబు: ఇమ్మిగ్రేషన్ న్యాయవాది, ఎడిసన్

డెన్వర్ వాసి గారూ, పైన వివరించిన సంయమనమంతా క్రిమినల్ కేసులకు సంబంధించినది. ఇమ్మిగ్రేషన్ చట్టం దానికి పూర్తిగా భిన్నమైన దారిలో నడుస్తుంది. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే కాబట్టి కొంచెం విస్తారంగా రాస్తున్నాను.

నేరస్థుడిగా శిక్షించాలంటే ప్రాసిక్యూటరు కేసు పెట్టాలి, సందేహానికి తావు లేకుండా రుజువు చేయాలి. దేశంలోకి రానివ్వకుండా ఆపడానికి అవేవీ అక్కరలేదు. నియంత్రిత పదార్థాల చట్టాన్ని ఉల్లంఘించినట్టు శిక్ష పడినా, శిక్ష పడకుండా ఆ నేరానికి సంబంధించిన అంశాలను మీ నోటితో మీరే అంగీకరించినా, ప్రవేశానికి అనర్హులవుతారు. వీసా కోసం నింపే డీఎస్-160 ఫారంలో ఆ ప్రశ్న నేరుగా ఉంటుంది. సరిహద్దు అధికారి ఫోను తెరిచి, దుకాణం ముందు దిగిన ఫొటో చూసి అడగవచ్చు. గ్రీన్‌కార్డు వైద్య పరీక్షలో డాక్టరు అడుగుతారు. రాష్ట్రంలో చట్టబద్ధమే కదా అన్న ధైర్యంతో సరదాగా ఒకటి రెండుసార్లు వాడానని చెప్పిన విద్యార్థులు ఇబ్బందుల్లో పడుతున్నారు. అలాగని అబద్ధం చెబితే, వాస్తవాన్ని దాచిపెట్టారన్న కారణంతో శాశ్వత నిషేధం పడే ప్రమాదముంది. అది మొదటిదానికన్నా ఘోరం. ఇప్పటికే వాడినవారు ఫారం నింపే ముందే న్యాయవాదిని సంప్రదించాలి.

30 గ్రాముల లోపు అయితే ఫరవాలేదన్న మాట మన వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతోంది. సొంత వాడకానికి 30 గ్రాములకు మించకుండా ఉంచుకున్న ఒకే ఒక్క నేరానికి దేశ బహిష్కరణ నుంచి మినహాయింపు ఉన్న మాట నిజం. కానీ బయటికి వెళ్లి తిరిగి వచ్చేటప్పుడు, వీసా స్టాంపింగు వేళ ఆ మినహాయింపు తనంతట తాను వర్తించదు. 2022 అక్టోబరులో అధ్యక్షుడు బైడెన్ ఇచ్చిన క్షమాభిక్ష పౌరులకు, గ్రీన్‌కార్డుదారులకు మాత్రమే. హెచ్-1బీ, ఎఫ్-1 వీసాలపై ఉన్నవారు అందులో లేరు.

ఇక మీ ఉద్యోగం సంగతి. మాదకద్రవ్యాల అక్రమ వ్యాపారంలో పాలుపంచుకున్నారని, లేదా తెలిసి సహకరించారని నమ్మడానికి కారణం ఉందని అధికారి భావిస్తే చాలు, శిక్ష లేకపోయినా అనర్హత వేటు పడవచ్చు. సొంత వాడకానికి దొరికే పరిమిత మినహాయింపు కూడా దీనికి దొరకదు. కోడ్ రాయడం సహకారం కిందకు వస్తుందా అన్నది వాదించదగిన విషయమే. కానీ ఆ వాదన మీరు కాన్సులేట్ కిటికీ ముందు నిలబడి వినిపించాల్సి వస్తుంది, అక్కడ అధికారి నిర్ణయంపై అప్పీలుకు వెళ్లే మార్గం దాదాపు లేదు. గంజాయి సంబంధిత కార్యకలాపాలు రాష్ట్ర చట్టం ప్రకారం సక్రమమైనా పౌరసత్వానికి అవసరమైన సత్ప్రవర్తన నిరూపణకు అడ్డు కావచ్చని పౌరసత్వ, వలస సేవల సంస్థ 2019 ఏప్రిల్‌లో రాతపూర్వకంగా ప్రకటించింది. లైసెన్సు ఉన్న గంజాయి సంస్థల్లో పనిచేసిన కారణంగా పౌరసత్వం దక్కని గ్రీన్‌కార్డుదారులు మీ డెన్వర్‌లోనే ఉన్నారు. అప్పటి మేయర్ మైఖేల్ హాంకాక్ ఆ విషయమై అటార్నీ జనరల్‌కు లేఖ కూడా రాశారు. కాబట్టి ఇమ్మిగ్రేషన్ కారణాల వల్ల ఆ ప్రాజెక్టులో చేరలేనని మేనేజరుకు మెయిల్ రాసి, వేరే క్లయింటు పని అడగండి. ఇబ్బంది పెడితే కంపెనీ న్యాయవాదినే అడగమనండి.

షెడ్యూలు మార్పు గురించి మీరు ఆశ పెట్టుకోవద్దు. మూడో షెడ్యూలులోకి వస్తే 280ఈ భారం తొలగుతుంది కాబట్టి దుకాణాల యజమానులకు అది పెద్ద ఊరట. కెటమిన్, అనబాలిక్ స్టెరాయిడ్లు ఉన్నది కూడా ఆ షెడ్యూలులోనే. వాటిని ఎవరైనా డాక్టరు చీటీ లేకుండా బహిరంగంగా అమ్మితే ఫెడరల్ నేరమే. ఇమ్మిగ్రేషన్ చట్టం మొదటి షెడ్యూలా, మూడో షెడ్యూలా అని చూడదు. అయిదు షెడ్యూళ్లలో దేనిలో ఉన్నా అది నియంత్రిత పదార్థమే, మీ ఫారంలోని ప్రశ్న కూడా నియంత్రిత పదార్థాల గురించే.